చిన్న పంపు నీరసిస్తే పెద్ద పంపు పోతుంది: డీజిల్ ట్రక్కులో ఫ్యూయల్ ప్రెజర్ ఎలా చూడాలి

ఇక్కడ టెక్సాస్‌లో సెకండ్ హ్యాండ్ డీజిల్ పికప్ కొన్న మనవాళ్లు ఫోన్ చేస్తే మొదట మైలేజీ అడుగుతారు, తర్వాత టైర్లు, ఆ తర్వాత టర్బో. "లిఫ్ట్ పంపు ప్రెజర్ ఎంత చూపిస్తోంది?" అని నేను అడిగితే మాత్రం అవతల కాసేపు మాట ఉండదు. వాళ్ల తప్పేమీ లేదు, చాలా పాత డీజిల్ పికప్‌ల డాష్‌బోర్డు మీద ఆ మీటరే ఉండదు. స్పీడు, ఆర్‌పీఎం, ఆయిల్ ప్రెజర్, టెంపరేచర్, బ్యాటరీ, ట్యాంకులో ఎంత డీజిల్ ఉంది, అన్నీ కనిపిస్తాయి గానీ, ఆ డీజిల్ ఇంజన్ దాకా ఎంత జోరుగా చేరుతోందో చెప్పే ముల్లు ఒక్కటీ ఉండదు. డీజిల్ బండిలో అతి ఖరీదైన భాగాల్లో ఒకటి బతకాలా పోవాలా అన్నది మాత్రం చాలాసార్లు ఆ కనిపించని ముల్లు మీదే ఆధారపడి ఉంటుంది.

డీజిల్ బండిలో పంపులు రెండు. ట్యాంకులోంచి డీజిల్ లాగి, ఫిల్టర్ దాటించి, ముందుకు అందించేది చిన్న పంపు. దాన్నే లిఫ్ట్ పంపు అంటారు, మన ఆటోనగర్ భాషలో ఫీడ్ పంపు. అది అందించిన డీజిల్‌ని తీసుకుని, కొన్ని వందల రెట్లు ఎక్కువ ప్రెజర్‌తో ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లకి, అంటే ఇంజెక్టర్లకి, కొట్టేది పెద్దది, ఇంజెక్షన్ పంపు. చిన్నదాని ఖరీదు వందల డాలర్లలో ఉంటే పెద్దదాని ఖరీదు వేలల్లో ఉంటుంది. చిన్నది నీరసించినా బండి ఆగదు, పెద్దది తన చేతనైనంతలో లాక్కుని నడిపించేస్తుంది. ప్రమాదం అక్కడే ఉంది. బండి నడుస్తోంది కాబట్టి అంతా బాగుందనుకుంటాం, లోపల పెద్ద పంపు ఎండిపోతూ అరిగిపోతూ ఉంటుంది.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ 1998 మధ్య నుంచి 2002 దాకా వచ్చిన డాడ్జ్ రామ్ 2500, 3500 ట్రక్కులు. వాటిలో 5.9 లీటర్ల కమిన్స్ ఇంజన్, 24 వాల్వులది. ఆ ఇంజన్ కుటుంబం మనకి కొత్తది కాదు, జంషెడ్‌పూర్‌లో టాటా కమిన్స్ తయారుచేసి టాటా లారీల్లో పెట్టిన 5.9 లీటర్ల బి సిరీస్ ఇంజన్‌కి ఇది దగ్గరి చుట్టం. ఇంజన్ మొండిది, లక్షల మైళ్లు నడుస్తుంది. దాని మీద బిగించిన బాష్ వీపీ44 అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పంపు మాత్రం సుకుమారం. లోపల తిరిగే భాగాలకి ఇంజన్ ఆయిల్ అందదు, చల్లబరచాలన్నా తడిగా ఉంచాలన్నా వచ్చే డీజిలే దిక్కు. పైగా దాని నెత్తి మీదే ఒక కంట్రోల్ మాడ్యూల్ ఉంటుంది, వేడి ఎక్కువైతే అదీ పోతుంది.

ఆ పంపుకి రిటర్న్ లైన్ వైపు ఒక ఓవర్‌ఫ్లో వాల్వు ఉంటుంది, సుమారు 14 పీఎస్‌ఐ (చదరపు అంగుళం మీద ఇన్ని పౌండ్లు అని ప్రెజర్ కొలత) దగ్గర తెరుచుకుంటుంది. అంతకంటే ఎక్కువ ప్రెజర్‌తో డీజిల్ వస్తుంటే, ఇంజన్‌కి కావలసింది పోగా మిగిలింది పంపు ఒళ్లంతా తడుపుకుంటూ, వేడిని మోసుకుంటూ, ట్యాంకుకి తిరిగి వెళ్తుంది. ప్రెజర్ బాగా పడిపోతే ఈ ప్రవాహం సన్నగిల్లుతుంది. ఇంజన్ కాల్చే డీజిల్ అందుతూనే ఉంటుంది కాబట్టి డ్రైవరుకి తేడా తెలియదు, పంపు చల్లబడటం మాత్రం తగ్గిపోతుంది.

ఇంతటి పంపుకి డీజిల్ అందించే బాధ్యత ఒక చిన్న ఎలక్ట్రిక్ లిఫ్ట్ పంపు మీద పెట్టారు. దాన్ని ట్యాంకు దగ్గర కాకుండా ఇంజన్ బ్లాకుకి బిగించారు. వేడి, అదురు, దానికి తోడు పొడవైన పైపులోంచి దూరంగా ఉన్న ట్యాంకు నుంచి పీల్చుకోవాలి. ఇలాంటి పంపులు తోయడంలో గట్టివి, పీల్చడంలో కాదు. అవి వరసగా పోవడం, వాటి వెనకే వీపీ44లు పోవడం ఆ ట్రక్కులు నడిపేవాళ్లకి బాగా తెలిసిన కథ. స్కానర్‌లో పీ0216 కోడ్ వస్తే, అంటే పంపు తన టైమింగ్‌ని, డీజిల్ కొట్టే క్షణాన్ని, అడిగినట్టు జరపలేకపోతోందని కంప్యూటర్ చెబితే, చాలా బళ్లలో అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది. తర్వాత్తర్వాత కంపెనీయే లిఫ్ట్ పంపుని ట్యాంకులోకి మార్చింది, 2005 మోడల్ నుంచి కొత్త ట్రక్కులు అలాగే వచ్చాయి.

దీని ముందు వచ్చిన 12 వాల్వుల ఇంజన్‌కి ఈ బాధ ఇంతలా ఎందుకు లేదు? 1994 నుంచి 1998 దాకా వచ్చిన ఆ ట్రక్కుల్లో బాష్ పీ7100 ఇన్‌లైన్ పంపు ఉండేది. దాని కామ్ షాఫ్ట్ ఇంజన్ ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది. లిఫ్ట్ పంపు నీరసిస్తే బండి పికప్ తగ్గుతుంది, ఎత్తు మీద ఏడుస్తుంది, అంతేగానీ ఇంజెక్షన్ పంపు అరిగి పోవడం అరుదు. మన పాత లారీల్లో ఉన్నవీ ఎక్కువ ఈ రకం ఇన్‌లైన్ పంపులే. నాకు ఈ తేడా మొదట అర్థం కావడానికి కారణం విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసిన మా మావయ్య. ఫీడ్ పంపు మీద ఉండే హ్యాండ్ ప్రైమర్ (చేత్తో డీజిల్ ఎక్కించే చిన్న పంపు) మూత తిప్పి వదులు చేసి, బొటనవేలితో నాలుగైదు సార్లు నొక్కేవాడు. మొదటి రెండు నొక్కులు వదులుగా వెళ్లి, మూడోదానికి వేలు కింద గట్టిగా ఎదురు తగలాలి. అది తగలకపోతే, "గాలి తాగుతోందిరా అల్లుడూ, ట్యాంకు వైపు పైపు చూడు" అనేవాడు. ఆయన దగ్గర గేజ్ లేదు, ఆయన బొటనవేలే గేజ్. ఆ లారీలకి అది సరిపోయింది, పొరపాటు పడినా పంపు క్షమించేది. వీపీ44 లాంటివి, ఆ తర్వాత వచ్చిన కామన్ రైల్ పంపులు (అన్ని ఇంజెక్టర్లకీ రైల్ అనే ఒకే హై ప్రెజర్ గొట్టం నుంచి డీజిల్ అందించే పద్ధతివి) చాలావరకు డీజిల్‌తోనే తడిసేవి కాబట్టి అలా క్షమించవు.

ప్రెజర్ వేరు, ప్రవాహం వేరు

చాలామంది తికమకపడేది ఇక్కడే, నేనూ చాలాకాలం పడ్డాను. గేజ్ 15 చూపిస్తే పంపు బాగుందని కాదు. మూడంతస్తుల మేడ మీద నీళ్ల ట్యాంకు ఉందనుకోండి, కింద కుళాయి దగ్గర ప్రెజర్ ఇంచుమించు 14 పీఎస్‌ఐ ఉంటుంది. కుళాయి మూసి ఉన్నంతసేపు పైపు సగం తుప్పుపట్టి మూసుకుపోయినా ప్రెజర్ నిండుగానే ఉంటుంది. కుళాయి తిప్పి బకెట్ పెట్టి చూడండి, అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి, సన్నటి ధార. లిఫ్ట్ పంపూ అంతే. ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, అది తాగేది చాలా తక్కువ, కుళాయి దాదాపు మూసినట్టే, కాబట్టి నీరసపడిన పంపు కూడా ఐడిల్‌లో మంచి అంకె చూపించగలదు. వెనక ట్రైలర్ తగిలించి, ఎత్తు ఎక్కుతూ, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు కుళాయి పూర్తిగా తెరిచినట్టు. ఆ క్షణంలో ముల్లు ఎక్కడ ఆగిందన్నదే లెక్క.

వీపీ44 ట్రక్కులకి కంపెనీ చెప్పిన కనీస లెక్క ఐడిల్‌లో 10, పూర్తి లోడులో 5 పీఎస్‌ఐ. ఆ బళ్లతో ఏళ్ల తరబడి బతికినవాళ్లు దీనికి ఒప్పుకోరు, ఓవర్‌ఫ్లో వాల్వు 14 దగ్గర తెరుచుకుంటున్నప్పుడు 5 దగ్గర పంపుకి చల్లదనం ఎక్కడినుంచి వస్తుందని అడుగుతారు. నా అభిప్రాయమూ వాళ్ల వైపే. ఐడిల్‌లో 15 చుట్టుపక్కల, గట్టిగా తొక్కినప్పుడు 10కి తగ్గకుండా ఉంటే నేను నిశ్చింతగా ఉంటాను. పవర్ పెంచే ట్యూనింగ్ బాక్సులు బిగించినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి, ఇంజన్ తాగే డీజిల్ పెరుగుతుంది గానీ అందించే పంపు పాతదే కదా.

ప్రవాహం విడిగా కొలవాలంటే పాత పద్ధతి ఒకటి ఉంది, ఖర్చు లేనిది. ఆ ట్రక్కుల్లో స్టార్టర్‌ని ఇంజన్ అందుకోకుండా ఒక్క క్షణం కదిపి తాళాన్ని రన్‌లోకి వదిలితే లిఫ్ట్ పంపు సుమారు 25 సెకన్లు తనంతట తాను తిరుగుతుంది. ఇంజెక్షన్ పంపుకి వెళ్లే పైపు విప్పి డబ్బాలో పెట్టి పడితే ఆ 25 సెకన్లలో 45 ఔన్సులు, అంటే సుమారు 1.3 లీటర్లు రావాలి. తక్కువ వస్తే పంపు అయినా నీరసించి ఉండాలి, దారిలో ఏదో అయినా అడ్డుపడి ఉండాలి.

గేజ్ ఎక్కడ పెట్టాలి

ఇంజెక్షన్ పంపు నోటి దగ్గర, ఫిల్టర్ దాటాక. మిగతా ఎక్కడ పెట్టినా సగం కథే తెలుస్తుంది. ఫిల్టర్‌కి ముందు పెడితే, ఫిల్టర్ మూసుకుపోయే కొద్దీ గేజ్ ఇంకా మంచి అంకె చూపిస్తుంది, ఎందుకంటే పంపు తోస్తున్నది గోడకి. పెద్ద పంపు నోరు ఎండిపోతూ ఉంటే డ్రైవరు సంతోషంగా ఉంటాడు. వీలైతే రెండు చోట్లా కొలిచి తేడా చూడాలి, ఫిల్టర్ ముందు 16, తర్వాత 9 ఉంటే పంపు జోలికి వెళ్లకుండా ఫిల్టర్ మార్చండి.

బిగించడంలో రెండు విషయాల దగ్గర రాజీ పడకూడదు. ఒకటి, డీజిల్ ఉన్న పైపుని క్యాబిన్ లోపలికి తీసుకురాకూడదు. మెకానికల్ గేజ్ చవక, నమ్మకం కూడా, కానీ ఆ సన్నటి పైపు ఎప్పుడైనా చిట్లితే కాళ్ల మీద, వేడి మీద డీజిల్ పడుతుంది. ఎలక్ట్రిక్ సెండర్ (ప్రెజర్‌ని కొలిచి వైరు మీద గేజ్‌కి చెప్పే సెన్సర్) ఉన్న గేజ్ పెట్టండి, లేదా మధ్యలో ఐసొలేటర్ (డీజిల్‌ని బయటే ఆపి ప్రెజర్‌ని మాత్రం లోపలికి పంపేది) వాడండి. రెండోది, సెండర్‌ని నేరుగా పంపు దగ్గర బోల్టులో బిగించొద్దు. ఇంజెక్షన్ పంపు డీజిల్‌ని గుక్కగుక్కగా తీసుకుంటుంది, ప్రతి గుక్కకీ పైపులో ఒక దెబ్బ పుడుతుంది, ఇంట్లో కుళాయి ఠక్కున కట్టేస్తే పైపు గోడలో దడేల్‌మన్నట్టు. ఆ దెబ్బలకి సెండర్ పాడైపోతుంది. ఒక మూర పొడవు హోస్ వేసి, మధ్యలో చిన్న నీడిల్ వాల్వు పెట్టి, దాన్ని ముల్లు వణకడం ఆగేంత వరకు మూసి వదిలేస్తే సెండర్ ఏళ్లు వస్తుంది. దాన్ని మరీ బిగించేయొద్దు, పూర్తిగా మూస్తే ముల్లు పాత అంకె మీదే నిలిచిపోయి అబద్ధం చెబుతుంది. ఎప్పుడూ గేజ్ వైపు చూస్తూ నడపలేం కాబట్టి, ప్రెజర్ ఒక హద్దు దాటి పడితే వెలిగే చిన్న ఎర్ర దీపం, దానికో ప్రెజర్ స్విచ్ పెట్టుకుంటే మరీ మంచిది.

ముల్లు ఎలా కదులుతోంది?

అంకె ఒక్కటే చూడటం కంటే ముల్లు నడక చూడటం నేర్చుకుంటే ఎక్కువ తెలుస్తుంది. ఐడిల్‌లో బాగుండి, తొక్కితే పడిపోయి, వదలగానే టక్కున పైకి వస్తే అడ్డు ఎక్కడో ఉంది, చాలావరకు ఫిల్టర్, లేదంటే దారిలో ఇరుకైన బ్యాంజో ఫిట్టింగులు (మధ్యలో రంధ్రం ఉన్న బోల్టుతో పైపుని బిగించేవి). నెలనెలా ఐడిల్ అంకె కూడా ఒక్కో పాయింటు దిగుతూ వస్తే పంపు అరుగుతోంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, ఎండలో రెండు గంటలు నడిచాక పడిపోతే మోటారుని అనుమానించాలి, కానీ దాని కంటే ముందు పంపు కనెక్టర్ దగ్గర వోల్టేజీ కొలవండి, గ్రౌండ్ వైరు తుప్పుపట్టి పంపుకి 12కి బదులు 10 వోల్టులే అందితే కొత్త పంపు పెట్టినా అదే కథ. ముల్లు స్థిరంగా ఉండకుండా ఎగిరెగిరి పడుతుంటే, ముఖ్యంగా ట్యాంకు పావు వంతు కంటే తగ్గినప్పుడు, మలుపుల్లో, గాలి వస్తోంది.

ఈ గాలి విషయం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మనుషుల్ని ఎక్కువగా మోసం చేసేది ఇదే. పంపుకి ట్యాంకుకి మధ్య ఉన్న పైపులో ఉండేది ప్రెజర్ కాదు, పీల్పు. అక్కడ పైపు పగిలితే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద నేల మీద చుక్క ఉండదు, వాసన ఉండదు. అందుకే "లీకేం లేదండీ, అంతా చూశాం" అన్న మాట నేను ఆ వైపు విషయంలో నమ్మను. కిందటి ఏడాది ఒక మిత్రుడి ట్రక్కుకి గేజ్ బిగించి హైవే మీదకి తీసుకెళ్లాం, వెనక ఖాళీ గుర్రాల ట్రైలర్. ఐడిల్‌లో 15. ఫ్లైఓవర్ ఎక్కుతూ తొక్కితే 11, 8, 6, ముల్లు వణుకుతూ దిగింది. లిఫ్ట్ పంపు కొనడానికి ఆయన అప్పుడే ఫోన్ తీశాడు. ఆగమని, ముందు ఫిల్టర్ మార్చాం, 6 కాస్తా 9 అయింది గానీ వణుకు పోలేదు. అప్పుడు పంపు ముందు అడుగు పొడవు పారదర్శకమైన హోస్ వేసి, టార్చ్ పట్టుకుని చూస్తే ఆవగింజలంత బుడగలు, ఆర్‌పీఎం పెంచితే వరసగా. ట్యాంకు పైన రబ్బరు గొట్టం వంగినచోట, వేలితో వంచితే తప్ప కనిపించని పగుళ్లు. ఆ గొట్టం ముక్క, రెండు క్లాంపులు మార్చాక అదే ఫ్లైఓవర్ మీద ముల్లు 12 దగ్గర కదలకుండా నిలబడింది. పంపు పాతదే, ఇప్పటికీ అదే నడుస్తోంది.

ఒకరి అంకె ఇంకొకరికి పనికిరాదు

పైన చెప్పిన అంకెలు వీపీ44కి. ఫోర్డ్ 6.0 పవర్ స్ట్రోక్ ఇంజన్, పికప్‌లలో 2003 నుంచి 2007 దాకా వచ్చింది, దానికి 45 పీఎస్‌ఐ కంటే తగ్గితే ఇంజెక్టర్లు పాడవుతాయి, అందుకే రెగ్యులేటర్‌లో గట్టి స్ప్రింగ్ మార్చుకుని ప్రెజర్ పెంచుకోవడం అక్కడ మామూలు. డ్యూరామాక్స్ ఇంజన్ ఉన్న జీఎం పెద్ద పికప్‌లలో 2001 నుంచి 2016 దాకా కంపెనీ లిఫ్ట్ పంపే పెట్టలేదు, ఇంజన్ మీద ఉన్న పంపే ట్యాంకు నుంచి పీల్చుకోవాలి. అలాంటి బండికి మామూలు ప్రెజర్ గేజ్ పెడితే ఏమీ తెలియదు, పీల్పు కొలిచే వాక్యూమ్ గేజ్ కావాలి, అక్కడ అంకె పెరగడం చెడు సంకేతం. వాటి మీద ఉన్న పాత సీపీ3 అనే బాష్ హై ప్రెజర్ పంపు ఆ పీల్పుని ఓర్చుకుంది. 2011 నుంచి వాటిలో వచ్చిన తర్వాతి రకం, సీపీ4, అంత ఓర్చుకోలేదు, లోపల రోలర్ పక్కకి తిరిగితే లోహపు పొడి మొత్తం ఫ్యూయల్ సిస్టమ్‌లోకి, ఇంజెక్టర్ల దాకా వెళ్లిపోతుంది. 2017 నుంచి వాళ్లు డెన్సో పంపుకి మారి ట్యాంకులో లిఫ్ట్ పంపు పెట్టారు.

ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి, గేజ్ అన్నిటినీ ఆపలేదు. 2019, 2020 రామ్ కమిన్స్ ట్రక్కుల్లో సీపీ4 పంపుల కారణంగా 2021లో 2 లక్షలకు పైగా బళ్లని రీకాల్ చేశారు, వాటిలో ట్యాంకు లోపల లిఫ్ట్ పంపు ఉంది. అలాంటి పంపులకి మంచి ప్రెజర్, గాలి లేని డీజిల్ మేలు చేస్తాయి గానీ, డిజైన్‌లో ఉన్న బలహీనతని పోగొట్టలేవు.

మన రోడ్ల మీద బీఎస్4, బీఎస్6 లారీలకి వస్తే, చాలావాటిలో ఫీడ్ పంపు హై ప్రెజర్ పంపు వెనకే గేరు రూపంలో ఉంటుంది, ట్యాంకు నుంచి అక్కడిదాకా అంతా పీల్పే. రైల్‌లో ప్రెజర్ ఐడిల్‌లో కొన్ని వందల బార్, లోడులో 1600 బార్ (ఒక బార్ అంటే సుమారు 14.5 పీఎస్‌ఐ) ప్రాంతానికి, కొన్నిటిలో ఇంకా పైకి వెళ్తుంది, దాన్ని స్కానర్ చూపిస్తుంది. పీ0087, అంటే రైల్ ప్రెజర్ తక్కువ అని కోడ్ రాగానే హై ప్రెజర్ పంపు మార్చమని చెప్పే చోట్ల చాలామంది లారీ ఓనర్లు నష్టపోతున్నారు, నాకు కోపం వచ్చే విషయం ఇది. ఆ కోడ్ పంపు పోయిందని చెప్పదు, రైల్‌లో ప్రెజర్ చాలడం లేదని మాత్రమే చెబుతుంది. ముందు ఫిల్టర్, తర్వాత వాటర్ సెపరేటర్, తర్వాత ప్రైమర్ దగ్గర ఓరింగు, బ్యాంజో బోల్టుల కింద రాగి వాషర్లు, ట్యాంకు లోపలి జాలీ, ఇవన్నీ అయ్యాక, పారదర్శకమైన హోస్‌లో బుడగ లేదని కళ్లతో చూశాక, అప్పుడు పంపు మాట. రాగి వాషర్ విప్పినప్పుడల్లా కొత్తది వేయండి, పాతదాన్ని తిప్పి వేస్తే గాలికి దారి ఇచ్చినట్టే.

గేజ్ బిగించిన రోజు, కొత్త ఫిల్టర్ వేశాక, మూడు అంకెలు సర్వీసు పుస్తకంలో రాసుకోండి: ఐడిల్‌లో ఎంత, ఖాళీ బండితో హైవే మీద ఎంత, లోడుతో ఎత్తు మీద పూర్తిగా తొక్కితే ఎంత. తేదీ, ఓడోమీటర్ రీడింగ్ పక్కనే వేయండి. మా మావయ్యకి ఈ మధ్య వీడియో కాల్‌లో ఆ పేజీ చూపించాను, కళ్లద్దాలు పెట్టుకుని వరసగా చదివి, "మూడో అంకె కిందటి దీపావళికి పదమూడు ఉండేది, ఇప్పుడు పదకొండు, ఫిల్టర్ ఎప్పుడు మార్చావు?" అన్నాడు. ఫిల్టర్ మార్చాక బండి పదకొండు వేల మైళ్లు నడిచింది. ఆ శనివారమే మార్చాను, మళ్లీ పదమూడు.